పదకొండో చక్రం

"దీన్ని ఇంకెవరికైనా ఇవ్వరా బామ్మర్దీ. నా వల్ల కాదు" అన్నాడు బావ.

వైండరు భుజం మీది మోటారు షాఫ్టును ఇంకా దించనే లేదు. కాలిపోయిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టడం అతని వృత్తి. చుట్టే పని తనది, కోసే పని బావది. షాఫ్టు మీద బేరింగు కూర్చునే చోటు అరిగిపోతే అక్కడ వెల్డింగు పోయించి, ఇనుమును తిప్పి చెక్కే లేతు యంత్రం మీద మళ్లీ సరైన కొలతకు తెప్పించుకోవాలి. ఇరవయ్యేళ్లుగా వారానికి ఒకటో రెండో ఇలాంటివి మోసుకొస్తూనే ఉన్నాడు. పొద్దున ఇచ్చి మధ్యాహ్నం పట్టుకుపోయే పని. బావ కాదన్న రోజు లేదు.

"నడుం పట్టేసిందా?"

"నడుముకేం, గుండ్రాయిలా ఉంది."

"అక్కతో పోట్లాడావా?"

"మీ అక్కతో పోట్లాడిన రోజున రెండు పనులు ఎక్కువే చేస్తాను. తొందరగా ఇంటికి పోయి ఉద్ధరించేదేముంది?" అని నవ్వబోయి, నవ్వును మధ్యలోనే వదిలేశాడు బావ. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచినవాటినే మళ్లీ తుడుచుకున్నాడు. "బేరింగు సీటంటే మాటలా? మిల్లీమీటరులో వందో వంతు తేడా వచ్చినా పాడైపోతుంది. నా చెయ్యి ఇప్పుడు అంత పనికి పనికిరాదు. పక్క లేతు ఆయన బాగా చేస్తాడు, అడుగు."

ఆ మాట వినేసరికి వైండరుకు ఒళ్లు మండింది. ఆ వర్క్‌షాపులో ఎనిమిది లేతులున్నాయి, ఎనిమిది మంది టర్నర్లున్నారు. వాళ్లలో బావను ఎవరూ పేరు పెట్టి పిలవరు. వెంట్రుకవాసి అంటారు. మిగతావాళ్లు పరికరం పెట్టి కొలిచేదాన్ని బావ బొటనవేలి గోటితో తడిమి చెప్పేస్తాడు. అంచు మీద గోరు ఒకసారి అటూ ఇటూ నడిపి, "ఇంకొక్క వందో వంతు తియ్యాలి" అంటాడు. తరవాత కొలిచి చూస్తే సరిగ్గా అంతే ఉంటుంది. బయటినుంచి పెద్ద కంపెనీల వాళ్లు వస్తే యజమాని వాళ్లను తిన్నగా ఈ లేతు దగ్గరికే తీసుకొచ్చి, వింత జంతువును చూపించినట్టు చూపించేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు ఒక మామూలు బేరింగు సీటును చూసి, వేడి గిన్నెను ముట్టుకోవడానికి జంకినట్టు చేతులు వెనక్కి లాక్కుంటున్నాడు.

షాఫ్టును పక్క లేతు ఆయనకు అప్పగించి బయటికొస్తుంటే యజమాని తన గది గుమ్మంలోంచి పిలిచాడు.

"ఏమయ్యా, మీ బావకేమైంది? పది రోజులుగా ముతక పనే అడుగుతున్నాడు. తుప్పు పట్టిన కడ్డీల పైపొర చెక్కుతానంటాడు. కళ్లు చూపించాను, డాక్టరు కళ్లు బ్రహ్మాండం అన్నాడు. ఇంట్లో ఏమైనా జరిగిందా?"

"ఇంట్లో ఏమీ జరగలేదండీ" అన్నాడు వైండరు.

అది నిజమే. ఇంట్లో ఏమీ జరగలేదు. జరిగిందంతా తన దుకాణం వెనక గదిలో జరిగింది. ఆ సంగతి యజమానికి చెప్పడానికి సిగ్గేసింది.

*

ఆ వెనక గదిలో ప్రతి ఆదివారం పొద్దున నలుగురు కలుస్తారు. వైండరు, బావ, పాత గడియారాలు బాగుచేసే పెద్దాయన, సైన్సు మాస్టారు. నలుగురూ కలిసి ఒక మోటారు తయారు చేస్తున్నారు. అల్యూమినియం చక్రం అంచున అయస్కాంతాలు, దాని చుట్టూ బయట ఒక వలయంలో మరికొన్ని అయస్కాంతాలు. లోపలివాటిని బయటివి తోస్తూ ఉంటే చక్రం కరెంటు లేకుండా, పెట్రోలు లేకుండా ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుందట. ఎక్కడో దూరదేశంలో టోపీ పెట్టుకున్న ఒకాయన తన షెడ్డులో అలాంటిది తిప్పి వీడియో పెట్టాడు. ముప్ఫయ్యేళ్లు బళ్లో "శక్తిని సృష్టించలేము" అని పిల్లల చేత వల్లె వేయించిన మాస్టారు, రిటైరైన మర్నాడే ఆ వీడియో చూసి, శక్తిని సృష్టించడానికి పూనుకున్నారు.

వైండరు సరదాకి ఒప్పుకున్నాడు. పాతికేళ్లుగా మోటార్లు విప్పి చూస్తున్నవాడికి ఏది తిరుగుతుందో ఏది తిరగదో కొంత తెలుసు. అయినా ఆదివారం పూట నలుగురు కూర్చుని ఇనుము గురించి మాట్లాడుకుంటే పొద్దు తేలిగ్గా పోతుంది. గడియారాలాయనకు ఇంట్లో కోడలి నోరు తప్పించుకుంటే చాలు. ఇక బావకు ఆ మోటారుతో పనే లేదు. కష్టమైన డ్రాయింగు ఎవరైనా చేతిలో పెడితే అతనికి అదే పండగ. ఆ లెక్కన మొదటి మూడు చక్రాలూ పండగలాగే గడిచాయి.

తిరగని చక్రాలు పెరిగేకొద్దీ సంగతి మారింది. ఏ చక్రాన్ని తోసినా నాలుగు చుట్లు తిరిగి, ఒక అయస్కాంతం దగ్గర గుంజుకుని, వెనక్కి ముందుకి ఊగి ఆగిపోయేది. మాస్టారు టోపీ ఆయనకు ఉత్తరం రాశారు. జవాబు ఒక్క వాక్యంలో వచ్చింది. నాది తిరుగుతోంది, మీది తిరగలేదంటే పనితనం చాలలేదని అర్థం.

ఆ వాక్యాన్ని మాస్టారు గట్టిగా పట్టుకున్నారు. నమూనా టోపీ ఆయనది కాబట్టి దానిలో తప్పుండదు. అయస్కాంతాలు కొన్నవి కాబట్టి వాటిలో తప్పుండదు. లెక్కలు మాస్టారు వేసినవి కాబట్టి వాటిలో అసలే ఉండదు. ఇక మిగిలింది చేసిన చెయ్యి. మాస్టారు దగ్గర అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. గుండ్రటి అక్షరాలతో అందులో రాసేవారు. "నాలుగో చక్రం. ఆగిపోయింది. కారణం: టర్నింగులో లోపం." అయిదోదీ అంతే. ఆరోదీ అంతే. పదో దాకా అంతే.

ఆయన దురుసు మనిషైతే బావ ఎప్పుడో చేతులు దులుపుకుని లేచిపోయేవాడు. ఆయన మర్యాదస్థుడు. "టర్నరు గారూ, మీరు ప్రయత్నం చేశారు, నేను కాదనను. వయసన్నది ఎవరి చేతిలోనూ లేదు" అనేవారు. రాసిన వాక్యాన్ని బావ వైపు తిప్పి చదివి వినిపించేవారు. అయిదో తరగతితో బడి మానేసిన బావకు, చదువుకున్నాయన సిరాతో రాసిపెట్టిన మాట అబద్ధమవుతుందన్న ఆలోచనే రాదు. రెండేళ్లలో అలా ఒక్కో వాక్యం, ఒక్కో వాక్యం తలకెక్కింది. వైండరు ఆ గదిలోనే ఉండి, టీలు తెప్పిస్తూ, ఇదంతా చూస్తూ ఊరుకున్నాడు. గురువారం ఆ షాఫ్టు సంగతి జరిగే దాకా అందులో అన్యాయం ఉందని కూడా అతనికి తోచలేదు.

ఆ వచ్చిన ఆదివారం బల్ల మీద పదకొండో చక్రం ఉంది. మూడు వారాల పాటు బావ భోజనాల వేళలన్నీ దానికే పోశాడు. బల్ల మీద పళ్లెంలా పడుకుని తిరిగే చక్రం అది. దాని ఇరుసు కింది కొసను సూదిమొనలా చెక్కి, గడియారాల ఇరుసుల కింద పెట్టే చిన్న రాతిగిన్నె గడియారాలాయన ఇస్తే, దానిలో నిలబెట్టాడు. అంతా బిగించాక రెండడుగులు వెనక్కి వెళ్లి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మార్కులు చెప్పబోయే ముందు వెనక బెంచీలో కూర్చునే వాడి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఈసారి పద్ధతి మారుద్దాం" అన్నారు మాస్టారు. "బయటి వలయాన్ని విడదీసి మూరెడు దూరం జరుపుదాం. అక్కడినుంచి అంగుళం అంగుళం దగ్గరికి తెద్దాం. ముందు చక్రం ఉత్తినే ఎంతసేపు తిరుగుతుందో చూడాలి. టర్నరు గారూ, మీ చేత్తో."

బావ చిటికెనవేలితో చక్రాన్ని కదిపాడు. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. మెల్లగా నెమ్మదించింది. నలుగురూ అది ఆగడం కోసం చూస్తున్నారు, ఎందుకంటే రెండేళ్లుగా వాళ్లు చూసింది అదొక్కటే. చక్రం ఇంకా నెమ్మదించింది. ఆ తరవాత నెమ్మదించడం మానేసింది.

గడియారాలాయన జేబులోంచి గడియారం తీశాడు. "చుట్టుకు నాలుగు సెకన్లు" అన్నాడు. కాసేపాగి, "ఇప్పుడూ నాలుగే" అన్నాడు.

"ఫ్యాను ఆపండి" అన్నారు మాస్టారు. "సరైన దూరం ఈ మూరెడేనన్నమాట." ఫ్యాను ఆపారు. కిటికీలు మూశారు. నలుగురి చొక్కాలూ వీపులకు అంటుకుపోయాయి. చక్రం నాలుగు సెకన్లకొకసారి తన చుట్టు తాను పూర్తి చేస్తూనే ఉంది. అరగంటైంది. గంటైంది. తెచ్చిన టీలు మీగడ కట్టాయి.

మాస్టారు పుస్తకం తెరిచి రాశారు. "పదకొండో చక్రం. తిరుగుతోంది." కింద కారణం అని రాయాల్సిన చోట ఖాళీగా వదిలేశారు. ఆగినప్పుడు కారణం బావ. తిరిగినప్పుడు కారణమే అక్కర్లేదు. వైండరు అది గమనించాడు గానీ ఆ సంబరంలో నోరెత్తలేదు.

బిగించగా మిగిలిన నట్టు ఒకటి దొర్లి కింద పడితే తియ్యడానికి వంగాడు. బల్ల కింద గోనెసంచులు చేతికి తగిలాయి. వెచ్చగా ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సంచుల కింద ఉన్నది, కిందటి రోజే వార్నిష్ పోసిన పెద్ద పంపు మోటారు బాడీ. మోటారులో తిరిగే భాగం తీసేస్తే మిగిలే ఇనప డొల్ల, లోపల చుట్టూ రాగి చుట్లు. ముందు గదిలో చోటు లేక దాన్ని ఇక్కడికి తోసి, మూతి పైకి పెట్టి, వార్నిష్ ఆరడానికి చుట్లలో కొద్దిపాటి కరెంటు పెట్టి, సంచులు కప్పి వదిలేశాడు. రోజూ చేసే పని కాబట్టి మనసులోంచే పోయింది. కరెంటు ఉన్న డొల్లలో ఖాళీ డబ్బా వేస్తే గిరగిరా తిరుగుతుంది. చుట్టిన చుట్టు బాగా వచ్చిందని మోటారు తెచ్చినవాళ్లకు అతను అలాగే చూపిస్తాడు. సరిగ్గా ఆ డొల్ల మూతి మీద, జానెడు ఎత్తులో, చెక్కకు అవతల, అల్యూమినియం చక్రం తిరుగుతోంది. అయస్కాంతాలూ కాదు, టోపీ ఆయనా కాదు. డబ్బాను తిప్పేదే చక్రాన్నీ తిప్పుతోంది.

లేచి నిలబడ్డాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు.

బావ చక్రం వైపు చూడటం లేదు. రెండు అరచేతులూ మొహం ముందు పెట్టుకుని, వాటిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఒరేయ్, నా చేతులు బాగానే ఉన్నాయిరా" అన్నాడు.

వైండరు నోరు మూసేసుకున్నాడు.

*

సోమవారం పొద్దున దుకాణం తెరవగానే వైండరు వెనక గదిలోకి వెళ్లి స్విచ్చి ఆపాడు. చక్రం వెంటనే ఆగుతుందనుకున్నాడు. అది ఆగడానికి ఆరు నిమిషాల పైనే పట్టింది. అతను బల్ల పక్కన నిలబడి, దాని ఆఖరి చుట్టు పూర్తయ్యే దాకా చూశాడు. స్విచ్చి వేసి వేలితో కదిపితే మళ్లీ నాలుగు సెకన్ల చుట్టు అందుకుంది. అనుమానం తీరిపోయింది, దానితోపాటు మనశ్శాంతీ పోయింది. స్విచ్చి ఆపడానికి చెయ్యి రాలేదు. అలాగే వదిలేసి ముందు గదిలోకొచ్చి పనిలో కూర్చున్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకు బావ వచ్చాడు, చక్రాన్ని చూసుకోవడానికి. మంగళవారమూ వచ్చాడు, బుధవారమూ వచ్చాడు. బల్ల ముందు స్టూలు వేసుకుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని, చక్రం తిరుగుతుంటే అన్నం తినేవాడు.

"మీ అక్కను చూడటానికి పెళ్లిచూపులకొచ్చినప్పుడు కూడా ఇంతసేపు చూడలేదురా" అన్నాడు ఒకరోజు.

"అప్పుడు ఇంకాస్త సేపు చూసుంటే పారిపోయేవాడివిలే" అన్నాడు వైండరు. బావ పొలమారేంతగా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. దానికి తన స్విచ్చి కారణమని తెలిసి కూడా వైండరుకు ఎంతో హాయిగా అనిపించింది.

వర్క్‌షాపులో సన్నపని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. యజమాని ఫోను చేసి మరీ చెప్పాడు, ఎవరూ ముట్టుకోని, కొలతలు సరిచూసే గేజీ పిన్నులు నలభై మీ బావ రెండు రోజుల్లో దించేశాడు, ఒక్కటీ వెనక్కి రాలేదని. బుధవారం సాయంత్రం అక్క కూరగాయల సంచితో అటు పోతూ దుకాణంలోకి తొంగి చూసింది.

"ఏం మందు పెట్టావురా ఆయనకి? రెండేళ్ల నుంచి ఇంట్లో గ్లాసు పట్టుకోవాలన్నా చెయ్యి వణుకుతోందేమోనని చూసుకునేవాడు. నిన్న పొద్దున పిలవకుండానే వచ్చి సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు."

"నేనేం చేశానక్కా."

"ఏదో ఒకటి చేశావులే. చల్లగా ఉండు" అని వెళ్లిపోయింది. ఆ దీవెన అతనికి చెంపదెబ్బలా తగిలింది.

పంపు మోటారు తాలూకు మనిషి మంగళవారమే వచ్చాడు. వార్నిష్ ఇంకా ఆరలేదని చెప్పి పంపాడు. బుధవారం మళ్లీ వస్తే అదే చెప్పాడు. "ఇంత ఎండలో ఎందుకు ఆరదండీ?" అని ఆ మనిషి అడిగితే, వార్నిష్ కొత్త రకం అన్నాడు. పాతికేళ్లలో పని గురించి అతను ఆడిన మొదటి అబద్ధం అది. ఒకటి ఆడాక రెండోది తేలిగ్గానే వచ్చింది.

గురువారం మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. బడి పెద్ద హాలు మాట్లాడానన్నారు. వచ్చే ఆదివారం చక్రాన్ని అక్కడికి తరలించాలి, ఊళ్లో పెద్దలందరూ వస్తారు, కాలేజీ వాళ్లు వస్తారు, అందరి ముందూ తిప్పాలి.

"ఇక్కడే చూపిస్తే పోలేదాండీ?" అన్నాడు వైండరు.

"ఈ కొట్టులోనా?" అని మాస్టారు నవ్వారు. "టర్నరు గారు మొదటి వరసలో కూర్చోవాలి. ఆయన చేతుల మీదుగానే తిప్పిస్తాను."

ఆ రోజంతా వైండరుకు ఏ పనీ చేతికి రాలేదు. హాల్లో బల్ల కింద ఏమీ ఉండదు. చక్రం అందరి ముందూ ఆగిపోతుంది. మాస్టారు అక్కడే నిలబడి పుస్తకం తెరుస్తారు. ఎనిమిదోసారి రాసే ఆ వాక్యాన్ని ఈసారి నూరుమంది వింటారు. ముందే చెప్పెయ్యాలి. చెప్పేటప్పుడు మాత్రం పూర్తిగా చెప్పాలి. జానెడు దూరం నుంచి, చెక్క అవతలి నుంచి తగిలే ఆ కాస్త లాగుడుకు ఏ చక్రమైనా తిరుగుతుందా? వెంట్రుకంత వంకరున్నా తిరగదు. ఆరు నిమిషాలు ఉత్తినే తిరిగే చక్రం మామూలు చెయ్యి చేసేది కాదు. మోటారు అబద్ధం కావచ్చు, చెయ్యి నిజం. అలా ఆలోచించేసరికి అతనికి ధైర్యం వచ్చింది. బావకు చెడ్డవార్తతో పాటు రుజువు కూడా ఇస్తున్నాననుకున్నాడు. శనివారం మధ్యాహ్నం ముగ్గురినీ రమ్మన్నాడు.

*

ముగ్గురూ వచ్చి కూర్చున్నాక వైండరు బల్ల కింది సంచులు తీసేశాడు. డొల్లను చూపించాడు. స్విచ్చిని చూపించాడు. ఆదివారం నుంచీ దీనిలో కరెంటు ఉందని, తనకు ఆ రోజే తెలిసిందని, చెప్పలేకపోయానని చెప్పాడు. బావ వైపు చూడకుండా చెప్పాడు.

"గడియారం తియ్యండి పెద్దాయనా" అని స్విచ్చి ఆపాడు.

చక్రం తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించింది. మూడు నిమిషాలైంది. నాలుగైంది. చూస్తూ చూస్తూ ఉండగా చివరికి ఒక అయస్కాంతం కిటికీ వైపు తిరిగి ఉండగా నిలిచిపోయింది.

"ఆరు నిమిషాల ఇరవై సెకన్లు" అన్నాడు గడియారాలాయన.

"చూశారా మాస్టారూ! ఏ బలమూ లేకుండా ఆరు నిమిషాలు! నా జన్మలో ఇలాంటి చక్రం చూడలేదు. ఇంకో చక్రమైతే ఆ కాస్త కరెంటుకి ఉలకదు, పలకదు. ఇది బావ చెయ్యి కాబట్టి తిరిగింది. ఇదిగో, ఇదీ చూడండి." వైండరు సంచిలోంచి డయల్ గేజీ తీశాడు. అంచుకు ముల్లు ఆనించి తిప్పితే వంకరెంతుందో సూదితో చూపించే పరికరం అది. చక్రం అంచున ఆనించి వేలితో ఒక చుట్టు తిప్పాడు. సూది కదల్లేదు. రెండో చుట్టు తిప్పాడు. సున్నా దగ్గర నిద్రపోయినట్టు ఉండిపోయింది.

బావ ముందుకు వంగాడు. మొహంలో మబ్బు కొంచెం విడిపోయినట్టనిపించింది. ఆ ఒక్క క్షణం వైండరు గెలిచాననే అనుకున్నాడు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రేపు హాలుకు రానున్న పెద్దలందరూ ఆయన కళ్ల ముందు కూర్చునే ఉన్నట్టున్నారు. పుస్తకం తెరిచి, "తిరుగుతోంది" అన్న మాట కొట్టేశారు. దాని పైన రాశారు. రాసినదాన్ని అలవాటు ప్రకారం బావ వైపు తిప్పి చదివారు.

"పదకొండో చక్రం. బయటి కరెంటు వల్ల తిరిగింది. తీసేయగా ఆగిపోయింది. కారణం: టర్నింగులో లోపం."

"అదేంటండీ!" అని అరిచాడు వైండరు. "కళ్లతో చూశారు కదా! గేజీలో చూశారు కదా! నమూనాలో లోపమని రాయండి!"

"వైండరు గారూ, ఆవేశపడకండి. ఆయన దగ్గర తిరిగింది. లక్షల మంది చూశారు. మన దగ్గర తిరగలేదు. నమూనా ఒకటే, అయస్కాంతాలు ఒకటే. తేడా ఎక్కడుందో మీరే చెప్పండి." ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "లోపం లేని చక్రమైతే మీ కరెంటు లేకుండానే తిరిగేది కదా? నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఉన్నది రాస్తున్నాను."

"పెద్దాయనా, మీరైనా చెప్పండి!"

గడియారాలాయన చేతిలోని గడియారానికి కీ ఇస్తున్నాడు. అది నిండిపోయినా ఇస్తూనే ఉన్నాడు. ఈ గది పోతే ఆదివారం పొద్దున ఇంట్లో కూర్చోవాలి.

వైండరు బావ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బావా. నీ పని నీకు తెలీదా? గోరు పెట్టి చూడు. పోనీ ఈ సూదిని చూడు. కదిలిందా?"

బావ చాలాసేపు సూదిని చూశాడు. నలభై ఏళ్లుగా అతను మనుషులను నమ్మకపోయినా ఆ సూదిని నమ్మాడు. చూపుడువేలితో గేజీ అద్దం మీద మెల్లగా తట్టాడు. ఇంకోసారి తట్టాడు.

"దీని స్ప్రింగు పోయినట్టుందిరా" అన్నాడు.

*

హాలు మాట రద్దయింది. మంగళవారం వైండరు ఒట్టి చేతులతోనే వర్క్‌షాపుకు వెళ్లాడు. బావ లేతు దగ్గర ఎవరో కొత్తాయన నిలబడి ఉన్నాడు. యజమాని గదిలోంచే చెయ్యూపి వెనక షెడ్డు వైపు చూపించాడు. ఏం చెయ్యను, తనే అడిగాడు అన్నట్టు భుజాలెగరేశాడు.

వెనక షెడ్డులో ఇనప కడ్డీలు కోసే రంపం యంత్రం ఉంది. మోటారు దాన్ని ముందుకీ వెనక్కీ లాగుతుంటుంది, పక్కన నిలబడి నీళ్లు పోస్తూ ఉండాలి, అంతే పని. కొత్తగా చేరినవాళ్లను పెడతారు, లేదా ఇంకే పనికీ కుదరనివాళ్లను. బావ చేతిలో నీళ్లడబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. రంపం కింద పళ్లెమంత వెడల్పున్న అల్యూమినియం దిమ్మె ఉంది. దాని మీద సుద్దతో పన్నెండు అని రాసి ఉంది.

"కంప్యూటరుతో నడిచే యంత్రమున్న ఫ్యాక్టరీ ఒకటి మాస్టారికి దొరికిందట" అన్నాడు బావ. "మనిషి చెయ్యే తగలదట. ముక్క కోసి పంపమన్నారు. ఆ మాత్రం నేను చెయ్యగలనని చెప్పాను."

వైండరు చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. నాలుగు రోజులుగా అడగాలనుకుంటున్నది అడిగేశాడు.

"బావా, నేను చెప్పకుండా ఉండాల్సిందా?"

బావ నీళ్లధార ఆపలేదు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండుననిపించింది వైండరుకు.

"చెప్పడం తప్పని ఎలా అంటాను? ఉన్నదే చెప్పావు. కానీ ఆ ఆరు రోజులూ బాగున్నాన్రా."

రంపం దిమ్మెలో సగం దిగింది. యంత్రం బయటికి పొడుచుకొచ్చిన కొస అదురుతోంది. బావ డబ్బా కింద పెట్టి రంపం ఆపాడు. తాపీగా చుట్టూ తిరిగి వచ్చి కొసను చూశాడు.

"కాస్త ఆ చివర పట్టుకో. అదిరితే కోత వంకర పోతుంది."

"ఇది ఒట్టి ముక్కే కదా బావా. తరవాత అంతా యంత్రమే చెక్కుతుంది. ఇక్కడ వేలెడు అటూ ఇటూ అయినా ఏమీ కాదు."

"నాకు తెలీదా? అయినా పట్టుకో." బావ మూలమట్టం తీసి దిమ్మెకూ రంపానికీ మధ్య ఆనించి, కన్ను దగ్గరగా పెట్టి, చాలాసేపు చూశాడు. అది చాలక తుడిచి మళ్లీ ఆనించాడు. "ఇదైనా తిరగాలి. ఈసారి నా వల్ల పోకూడదు."

వైండరు లేచి వెళ్లి రెండు చేతులతో దిమ్మె కొసను గట్టిగా పట్టుకున్నాడు. బావ రంపం మళ్లీ నడిపించాడు.